సీసపు నాణెములు, సీసపు అక్షరములు

కొండాపూరు పేరెత్తగానే నేటి భాగ్యనగరవాసి గచ్చిబౌలి ప్రక్కనున్న అద్దాల మేడల పేటను తలచుకొనును గాని, నేను చెప్పబోవునది ఆ కొండాపూరు కాదు; పటాన్‌చెరు కర్మాగారముల పొగగొట్టములను దాటి, సంగారెడ్డిని వెనుకకు వదలి, చేల నడుమ సాగిపోయినచో ఏ యూరి చెంత ఒక పెద్ద మట్టిదిబ్బ కనబడునో, 1900 ప్రాంతమున హెన్రీ కజిన్స్ అను పురావస్తు పరిశోధకుని కంటబడువరకు ఏ దిబ్బ పశువుల మేతకే పనికివచ్చుచుండెనో, ఆ కొండాపూరు. 1940, 42 సంవత్సరముల నడుమ నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖవారు గులాం యజ్దానీ ఆధ్వర్యవమున ఆ దిబ్బను త్రవ్వించగా శాతవాహనుల నాటి పట్టణ మొకటి బయల్పడెను. ఇటుక గోడలు, బౌద్ధ కట్టడముల పునాదులు, తెల్లమట్టి బొమ్మలు, రంగురంగుల పూసలు, రోము చక్రవర్తియైన ఆగస్టసు పేరిటి బంగారు నాణెము, వీనికి తోడు దాదాపు రెండువేల నాణెములు, నాణెములు పోతపోయు మట్టి మూసలు లభించుటచే ఇచట టంకశాల యుండెనని పండితులు నిర్ణయించిరి.

ఆ నాణెములలో సీసముతో చేసినవి కలవు. సీస మనగానే తెలుగువానికి మొదట శ్రీనాథుని పద్యము జ్ఞప్తికి వచ్చుట సహజమే. నాకు మాత్రము ఆ యూరి మ్యూజియములో గాజుపలక వెనుకనున్న మసకబారిన బిళ్లలను చూచినపుడెల్ల అచ్చుకూటమే తలపునకు వచ్చును. ఏలయన, మన తాతల నాటి పుస్తకములను అచ్చువేసిన అక్షరములును సీసపువే. తగరమును, అంటిమొనిని కొంత కలిపి, మూసలో పోసి తీసినవే. శాతవాహనుల కమ్మటీడును, చెన్నపట్టణపు టైపు పోతగాడును ఇంచుమించు పదునెనిమిది వందల యేండ్ల యెడముతో ఒకే లోహమును ఒకే విధముగా కరగించిరి. భేద మెక్కడ ననగా, కొండాపూరు సీసము మట్టిలో పడి మిగిలెను. అచ్చుకూటపు సీసము అరిగినకొలదియు మరల కరగి పోయెను.

కంప్యూటరు అక్షరములు వచ్చి ట్రెడిల్ యంత్రములు మూలబడిన కాలమున, గుణింతములకు, ఒత్తులకు వేరువేరు గళ్లతో గోడపొడవున నిలిచిన ఆ టైపు కేసులు తూకము లెక్కన అమ్ముడు వోయినవి. పటాన్‌చెరు పారిశ్రామిక వాడలోని ఒకానొక పాతసామాన్ల దుకాణమున, చచ్చిన బ్యాటరీల సరసన, కాంటా మీద, గోనెసంచిలో అక్షరములను నేను కన్నులార చూచితిని. చేయి పెట్టి తీయగా చిక్కినది బండి ఱ. వ్రాతలోనుండి దాదాపుగా తొలగిపోయిన అక్షరము సంచిలో మాత్రము పుష్కలముగా నుండెను. దుకాణదారుడు దానికి వెల తీసికొనలేదు. తూకమునకు లెక్కకురాని బరువట.

లోహమునకే ఈ గతి పట్టినప్పుడు కాగితము మాట చెప్పవలెనా? కొండాపూరు గూర్చి వెలువడిన తొలి రచనలే నేడు దుర్లభములు. యజ్దానీ వ్రాసిన వ్యాసము 1941లో పూనా భండార్కర్ సంస్థవారి పత్రికలో అచ్చయినది; మోరేశ్వర దీక్షితుగారు ఇచటి పూసలను గూర్చి వ్రాసిన చిన్న గ్రంథము 1952లో హైదరాబాదు పురావస్తు గ్రంథమాలలో వెలువడినది. రెండువేల యేండ్ల నాటి పూస నేడు చూడదలచిన మ్యూజియమునకు పోవచ్చును. డెబ్బది యేండ్ల నాటి ఆ పూసల పుస్తకమును చూడదలచినవాడు మాత్రము ఆదివారము కొరకు వేచియుండవలెను.

ఆదివార మనగా ఆబిడ్సు. ఆరవ నిజాము కొలువులో నుండిన ఆల్బర్ట్ ఆబిద్ దుకాణము వలన పేరు వచ్చిన ఆ వీథిలో, ఆదివారమునాడు దుకాణములు తలుపులు మూసికొనగానే, వాని మెట్ల మీదను, కాలిబాట మీదను పుస్తకములు పరచుకొనును. ఇచట కొనుట యొక విద్య. విక్రేత పుస్తకమును లావును బట్టి, అట్టను బట్టి వెలకట్టును. కొనువాడు ముఖపత్రము వెనుకనున్న చిన్న అక్షరములను బట్టి వెలకట్టును. ఈ రెండు వెలల నడుమనున్న సందులోనే సేకర్త జీవించును. కోరినది దొరికినపుడు ముఖమున ఆ సంతోషమును కనబడనీయక, ప్రక్కనున్న వంటల పుస్తకమును తిరుగవేయుచు బేరమాడుట ఈ విద్యలో మొదటి పాఠము. నాకది నేటికిని పట్టుబడలేదు.

కాలనిర్ణయము రెండవ పాఠము. మన పాత పుస్తకముల మీద ‘విరోధి సంవత్సరము’ అని మాత్రమే యుండినచో అది 1889 కావచ్చును, 1949 కావచ్చును. కాగితమును వ్రేళ్ల నడుమ నలిపి, అరసున్నలను, శకటరేఫములను లెక్కించి తేల్చుకొనవలసినదే. నిజాం రాజ్యపు ప్రచురణముల మీద ఫసలీ సంవత్సరములుండును. వానికి 590 కలిపినచో ఇంచుమించుగా క్రీస్తుశకము వచ్చును. కొండాపూరు త్రవ్వకముల నాటి పురావస్తు శాఖ వార్షిక నివేదికలను వెదకువాడు 1350 ఫసలీ యనగా 1940–41 అని యెరుగనిచో, చేతికి వచ్చినదానిని మరల గుట్టలోనే పడవేయును.

తెలంగాణమున సేకర్తల పని తక్కిన ఆంధ్రదేశమున కంటె గురుతరమగుటకు మరియొక హేతువు కలదు. ఇంగ్లీషువారి పాలనలోని ప్రాంతములలో 1867 నాటి ముద్రణ చట్టము ననుసరించి ప్రతి పుస్తకము మీదను ముద్రాపకుని పేరుండవలెను, ప్రతులు సర్కారునకు చేరవలెను, మూడు నెలల కొకసారి వాని పట్టిక ప్రకటింపబడవలెను. అందుచే చెన్నపురి రాజధానిలో అచ్చయిన శతకము నశించినను దాని పేరైన పట్టికలో నిలిచినది. నిజాం రాజ్యమునకు ఆ చట్టము వర్తింపలేదు. ఇచట కాగితము పోయినచో దానితో పేరును పోవును. తెలంగాణములో కవులే లేరన్న మాటకు సమాధానముగా 1934లో సురవరము ప్రతాపరెడ్డిగారు 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఆ సంచిక గొప్ప కవితా సంకలన మగునో కాదో నాకు తెలియదు గాని, గొప్ప సాక్ష్యపత్ర మగుట నిశ్చయము. నేడు దాని తొలి ముద్రణము దొరికినవాడు అదృష్టవంతుడు. 1901లో రెసిడెన్సీ బజారులో నెలకొన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఆబిడ్సు కాలిబాటకు నడకదూరములోనే కలదు. కాలిబాట మీద నిరాశపడినవారికి అది ఆశ్రయము.

ఈ నగరమున ఉర్దూ పుస్తకములకును ఇట్టి తపస్వి యొకడుండెను. అబ్దుస్ సమద్ ఖాన్ అను నతడు ఒంటిచేతితో వేలకొలది ఉర్దూ గ్రంథములను, పత్రికలను కూడబెట్టగా, తదనంతరము షికాగో విశ్వవిద్యాలయమువారి తోడ్పాటుతో అవి బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞానకేంద్రమునకు చేరినవి. చేరినవి గదా యని ఊరట చెందులోపల, 2000 ఆగస్టు వానలకు ఆ భవనములోనికి వరదనీరు చొచ్చి పుస్తకములను ముంచివేసినది. తడిసిన పుటలను విడదీసి ఆరబెట్టినవారి యోపికకు నమస్కారము.

గ్రంథమనిపించుకొన్న దానికైన ఎవడో ఒకడు చేయి చాచును. ఒక్కనాటి పని కొరకే పుట్టిన కాగితములకు దిక్కెవరు? శుభలేఖలు, సభల ఆహ్వానపత్రికలు, ఎన్నికల కరపత్రములు, ఆట మొదలుకాకమునుపే అమ్మిన సినిమా పాటల పుస్తకములు, ఏడాది తిరుగగానే గోడకొయ్య దిగిన పంచాంగములు: వీనిని దాచువానిని ఇంటివారు పిచ్చివానిగా చూతురు. అయిన నొక్కటి విచారింపుడు. కొండాపూరున దొరికిన సీసపు బిళ్లలు మహారాజులు భద్రపరచినవి కావు. వానిలో కొన్నియైన సంతలో కూరలకో ఉప్పునకో చెల్లి, ఎవని కొంగుముడినుండియో జారిపడినవే యని నా యూహ. శుభలేఖ క్రింది అంచున ఫలానా ప్రెస్, ఫలానా వీథి, సంగారెడ్డి అని చీమతలకాయలంత అక్షరములలో నుండు పంక్తిని చూడుడు. ఆ యూర ఆనాడు అచ్చుయంత్ర మొకటి తిరుగుచుండెనని చెప్పుటకు ఒక్కొకచో అదియే మిగిలిన సాక్ష్యము.

దీక్షితుగారి పూసల పుస్తకము నాకు రెండేండ్ల క్రిందట ఒక ఆదివారము మధ్యాహ్నము, ఇంజనీరింగు పరీక్షల గైడుల అడుగున దొరికినది. లోపల ఏదో కార్యాలయపు ఊదారంగు ముద్ర, దాని మీద అడ్డముగా ‘రద్దు’ అను మాట. పూసల చిత్రములున్న పలకలలో ఒకదానిని ఎవరో బ్లేడుతో శుభ్రముగా కోసికొనిపోయిరి. విక్రేత దానిని చేతితో తూచి ముప్పది రూపాయలనెను. పుట పోయినదని నేను సణుగగా ఇరువది కిచ్చెను. తరువాతి వారము కొండాపూరు పోయి, ఆ పలకలో ఏ పూస యుండెనో యని గాజుపెట్టెల ముందు చాలసేపు నిలిచితిని. కావలివాడు వచ్చి, ‘మూసేటి యాళ్లయింది సార్’ అనెను.