ఊసరవెల్లి ఆహారం

ఊసరవెల్లి సరీసృపాలలో కమీలియోనిడే కుటుంబానికి చెందిన, చెట్లపై నివసించే బల్లి వంటి ప్రాణి. ఈ కుటుంబంలో ప్రపంచవ్యాప్తంగా 200కు పైగా జాతులున్నప్పటికీ భారతదేశంలో సహజంగా నివసించేది ఒక్క జాతి మాత్రమే. అదే భారతీయ ఊసరవెల్లి. దీని శాస్త్రీయ నామం కమీలియో జెలానికస్. 1768లో లారెంటి అనే శాస్త్రవేత్త ఈ జాతిని వర్ణించాడు. దక్షిణ భారతదేశంలోని పొడి ప్రాంతాలలోనూ, శ్రీలంకలోనూ ఇది కనిపిస్తుంది. పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి, మిరప మైదానాలలో పొలం గట్ల మీది తుమ్మ, వేప, కంపచెట్లు దీనికి అనువైన నివాసాలు.

"తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుంది" అని తెలుగులో ఒక సామెత ఉంది. అయితే ఇవి రెండూ వేర్వేరు కుటుంబాలకు చెందిన ప్రాణులు. తొండ ఎంత ముదిరినా ఊసరవెల్లి కాజాలదు. ఊసరవెల్లికి విషం ఉండదు.

ఆహారం పట్టే విధానం

ఊసరవెల్లి పరుగెత్తి వేటాడదు. కొమ్మను పట్టుకొని కదలకుండా ఉండి, రెండు కళ్ళను వేర్వేరు దిక్కులకు త్రిప్పుతూ పురుగుల కోసం వెతుకుతుంది. పురుగు కనబడగానే రెండు కళ్ళనూ దానిపై నిలిపి దూరాన్ని అంచనా వేస్తుంది. తరువాత నాలుకను బాణంలా విసురుతుంది. నాలుక చాచినపుడు శరీరం పొడవును మించి సాగగలదు. నాలుక కొనపై ఉండే జిగురు మనిషి లాలాజలం కంటే సుమారు 400 రెట్లు చిక్కనైనదని 2016లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది. సాధారణంగా కదిలే పురుగులే దీని దృష్టిని ఆకర్షిస్తాయి. అందువలన అన్నం, రొట్టె, పాలు దీనికి ఆహారం కావు.

సహజ ఆహారం

మిడతలు, ఇలకోళ్ళు, ఈగలు, సీతాకోకచిలుకలు, రెక్కల పురుగులు, గొంగళి పురుగులు, గొల్లభామలు మొదలైనవి దీని ఆహారం. ఆకులపై నిలిచిన మంచు బిందువులను, వాన చుక్కలను నాకి దాహం తీర్చుకుంటుంది. పాత్రలో నిలిచిన నీటిని చాలావరకు గుర్తించదు.

ఈ వైవిధ్యం కేవలం రుచికి సంబంధించినది కాదు. ఒక్కొక్క పురుగులో పోషకాలు ఒక్కొక్క పాళ్ళలో ఉంటాయి. ఇలకోడి వంటి పురుగులలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఆకులు మేసిన పురుగు పొట్టలోని పచ్చి పదార్థం కూడా ఊసరవెల్లికి చేరుతుంది. కనుక పురుగు తిన్న మేతే కొంతవరకు ఊసరవెల్లి మేత అవుతుంది.

చట్టపరమైన రక్షణ

భారతీయ ఊసరవెల్లిని పట్టడం, పెంచడం, అమ్మడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో కూడా ఇది ఉన్నది. యెమెన్ ఊసరవెల్లి వంటి విదేశీ జాతులను కలిగియున్నవారు 2024 నాటి నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. గాయపడిన ఊసరవెల్లి దొరికినచో ఇంటిలో ఉంచుకొనక అటవీశాఖకు తెలియజేయాలి.

సంరక్షణలో ఉన్నపుడు పోషణ

జంతు ప్రదర్శనశాలలు, రక్షణ కేంద్రాలు, విదేశీ జాతులను చట్టబద్ధంగా పెంచేవారు సాధారణంగా ఈ క్రింది సూత్రాలను పాటిస్తారు.

* ఒకే రకం పురుగు కాక ఇలకోళ్ళు, మిడతలు, పెంపకపు బొద్దింకలు, పట్టుపురుగులు మార్చి మార్చి ఇవ్వాలి. క్రొవ్వు ఎక్కువగా ఉండే పురుగులను అరుదుగా ఇవ్వాలి.
* ఎర పురుగు ఊసరవెల్లి తల వెడల్పును మించరాదు.
* ఎర పురుగులకు ముందుగా ఒకటి రెండు రోజులు ఆకుకూరలు, క్యారెట్టు, గుమ్మడి వంటి మేత పెట్టాలి.
* పురుగులపై కాల్షియం పొడి చల్లి ఇవ్వాలి. విటమిన్ ఎ, విటమిన్ డి3 తక్కువైనా, మితిమీరినా ప్రమాదమే.
* పిల్లలకు ప్రతిదినం, పెద్దవాటికి దినం విడిచి దినం ఆహారం సరిపోతుంది.
* ఆకులపై నీరు చిలకరించాలి.

కాల్షియం శరీరానికి పట్టాలంటే విటమిన్ డి3 అవసరం. దానిని తయారుచేసుకొనుటకు సూర్యకాంతిలోని అతినీలలోహిత బి కిరణాలు కావాలి. గాజు వాటిని చాలావరకు అడ్డుకుంటుంది. ఇవి లోపించినపుడు ఎముకలు మెత్తబడి కాళ్ళు వంగిపోతాయి, నాలుక విసరడం కూడా కష్టమవుతుంది. గ్రుడ్లు పెట్టే ఆడ ఊసరవెల్లికి కాల్షియం మరింత అవసరం. విటమిన్ ఎ లోపిస్తే కళ్ళు వాస్తాయి. యెమెన్ ఊసరవెల్లి పురుగులతోపాటు ఆకులను కూడా తింటుంది.

ఇవ్వకూడని పురుగులు

మిణుగురు పురుగులలోని విషం బల్లి జాతులను చంపగలదు. జిల్లేడు ఆకులు మేసే రంగురంగుల జిల్లేడు మిడత ఒంటిలో జిల్లేడు విషం చేరుతుంది. పురుగుమందు చల్లిన పొలంలో పట్టిన పురుగులు కూడా ఇవ్వరాదు. మందు సోకి మందకొడిగా ఉన్న పురుగు సులభంగా దొరుకుతుంది గాని, దానితోపాటు మందు కూడా ఊసరవెల్లి కడుపులోకి చేరుతుంది.

ప్రత్తి, మిరప పొలాలు - ఆహార కొరత

ఈ మైదానాలలో ఊసరవెల్లి ఆహారం రైతు సస్యరక్షణతో ముడిపడి ఉన్నది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో తెల్లదోమ ఉధృతికి ప్రత్తి పంట దెబ్బతిని, అప్పులపాలైన రైతులు పలువురు ఆత్మహత్య చేసుకున్నారు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను విచక్షణ లేకుండా వాడడం, వాటివల్ల తెల్లదోమను తినే మిత్రపురుగులు నశించడం ఆ ఉధృతికి ముఖ్య కారణాలలో ఒకటిగా గుర్తించబడినది. 2002లో అనుమతి పొందిన బీటీ ప్రత్తి కాయతొలుచు పురుగులపై మందు వాడకాన్ని తొలుత తగ్గించినా, రసం పీల్చే పురుగుల బెడద కొనసాగింది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిషేధించింది. 2021లో మిరపపై నల్ల తామర పురుగు విజృంభించినపుడు మందుల పిచికారీ మరల పెరిగింది.

పిచికారీ చీడపురుగులతోపాటు మిడతలను, ఈగలను, సీతాకోకచిలుకలను కూడా చంపుతుంది. గట్టు మీది కంపను నరికివేసిన చోట నీడ, ఎర రెండూ పోతాయి. నెమ్మదిగా నడిచే ఊసరవెల్లి ఆహారం వెతుక్కుంటూ దూరం పోలేదు. రోడ్డు దాటే ప్రయత్నంలో వాహనాల క్రింద పడి చనిపోవడమూ కద్దు.

పరిరక్షణ

ఊసరవెల్లి ఒక్కటే పంటలోని చీడలను అదుపు చేయలేదు. అది తేనెటీగల వంటి మేలుచేసే పురుగులను కూడా తింటుంది. కాని దాని ఉనికి పురుగుల వైవిధ్యం మిగిలి ఉన్నదనుటకు ఒక సూచన. సమగ్ర సస్యరక్షణలో భాగంగా పొగాకు లద్దెపురుగుకు ఆముదం, శనగపచ్చ పురుగుకు బంతి ఎర పంటలుగా వేయడం, పొలం చుట్టూ జొన్న లేదా మొక్కజొన్న వరుసలు పెంచడం, చీడ నష్టపరిమితి దాటినపుడే మందు చల్లడం వ్యవసాయ శాస్త్రవేత్తల సిఫారసులు. వీటితో రైతుకు మందుల ఖర్చు తగ్గుతుంది, గట్ల మీద పురుగులు మిగులుతాయి. ఊసరవెల్లిని పంజరంలో ఉంచి మేపుట కంటే, మందు చల్లని ఒక కంప గట్టును మిగుల్చుట దానికి మేలైన పోషణ.

ఇవి కూడా చూడండి

* తొండ
* ఉడుము
* ప్రత్తి
* మిరప
* సమగ్ర సస్యరక్షణ