చౌడు నేలలు (కోలారు జిల్లా)

కర్ణాటకలోని కోలారు జిల్లాలో, తెలుగు, కన్నడం కలిసి వినిపించే పల్లెల్లో, చెరువు కట్టల దిగువన, వంకల వెంట కనిపించే ఉప్పు నేలలు ఇవి. జిల్లాలో అధిక భాగం ఎర్ర నేలే. చౌడు పల్లపు భూములకే పరిమితం.

ఏడాదికి సుమారు 700 మి.మీ. వాన, అంతకు మించి నీటిని ఆవిరి చేసే ఎండ, ఏడాది పొడుగునా పారే నది లేకపోవడం దీనికి నేపథ్యం. గ్రానైటు, నైసు రాళ్లు శిథిలమైనప్పుడు విడుదలయ్యే సోడియం ఊటనీటితో పల్లానికి చేరుతుంది. మురుగు పోయే దారి లేనిచోట నీరు ఆవిరై ఉప్పు పైన మిగులుతుంది.

ఎండాకాలంలో తెల్లగా పొర కడితే పాల చౌడు. దాని ఉదజని సూచిక 8.5 లోపే. అంతకు మించితే, మట్టిలో మార్పిడి సోడియం 15 శాతం దాటితే, కారు చౌడు. తడిస్తే జిగురుగా జారుతుంది, ఎండితే నాగలి దిగదు. వాన నీరు రోజుల తరబడి పైనే నిలుస్తుంది. ఒకప్పుడు చాకలివారు బట్టల మురికి వదిలించడానికి ఈ మట్టినే వాడేవారు.

పాల చౌడుకు మంచి నీటితో కడగడమే మందు. కారు చౌడుకు జిప్సం, జీలుగ పచ్చిరొట్ట కావాలి. ముందు మురుగు కాలువ తవ్వకపోతే రెండూ వృథాయే. 2018 నుంచి బెంగళూరు శుద్ధి చేసిన మురుగునీరు కోరమంగల–చల్లఘట్ట పథకం ద్వారా కోలారు చెరువులకు వస్తోంది. ఆ నీటి లవణాలను, ఆయకట్టు మట్టిని క్రమం తప్పక పరీక్షించడం అత్యవసరం.