తెల్లగా మెరిసిన ఎముక

నడివయసులోనే నడుం వంగక, మెడ తిరగక అవస్థ పడుతున్న మనుషుల గురించి 1937లో నెల్లూరు జిల్లా నుంచి ఒక వైద్య వ్యాసం వచ్చింది. షార్ట్, పండిట్, రాఘవాచారి రాశారు. దోషం తాగే నీళ్లలోని ఫ్లోరైడ్‌ది. అలాంటి మనిషి వెన్ను ఎక్స్‌రేని కిటికీ వెలుగుకు పట్టి చూస్తే పూసలు సుద్దముక్కల్లా తెల్లగా మెరుస్తాయి. దాని పక్కన ఎముకలు గుల్లబారిన ముసలమ్మ ఎక్స్‌రే పెట్టండి. పూసల అంచులు పెన్సిల్ గీతల్లా మిగిలి, లోపలంతా మసగ్గా ఉంటుంది. ఒకటి రెండు పూసలు ముందువైపు నలిగి కుంగిపోయి ఉంటాయి. రెండూ చూసిన ఎవరికైనా మొదటిదే గట్టి ఎముక అనిపిస్తుంది. వైద్యానికీ చాలా ఏళ్లు అలాగే అనిపించింది.

ఈ గుల్లతనానికి ఆస్టియోపొరోసిస్ అని పేరు పెట్టింది స్ట్రాస్‌బర్గ్ వైద్యుడు లోబ్‌స్టీన్, 19వ శతాబ్దం తొలి సగంలో. పేరు వచ్చినా, ముసలితనంలో ఇది మామూలే అన్న మాట మాత్రం పోలేదు. బోస్టన్ డాక్టర్ ఫుల్లర్ ఆల్‌బ్రైట్ 1940ల మొదట్లో ఆ మాటకు అడ్డుపడ్డాడు. 65 ఏళ్లలోపు రోగులు 42 మందిని చూస్తే, అందులో 40 మంది ముట్లుడిగిన స్త్రీలు. కారణం ఇప్పుడు మనకు బాగా తెలుసు. ఎముక రాయి కాదు. పాతదాన్ని తొలిచే కణాలు, ఆ గుంటలో కొత్తది పేర్చే కణాలు బతికినన్నాళ్లూ అందులో పనిచేస్తూనే ఉంటాయి. తొలిచేవాటిని ఈస్ట్రోజెన్ అదుపులో ఉంచుతుంది. ముట్లు ఆగాక ఆ అదుపు తప్పి, తొలిచినంత పేర్చడం కుదరదు.

పేర్చే కణాలను ఉసిగొల్పే గుణం ఫ్లోరైడ్‌కు ఉంది. అందుకే 1960ల నుంచి కొందరు డాక్టర్లు దాన్నే మందుగా ఇచ్చి చూశారు. మన పల్లెల్లో మనుషుల్ని కొయ్యల్లా బిగదీసిన పదార్థమే, కొలిచి ఇస్తే మేలు చేస్తుందనుకున్నారు. అప్పటికి చేతిలో ఉన్న మందులు బహు తక్కువ కనుక ఆ ఆశను తప్పు పట్టలేను.

ఇంతలో 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో నల్లగొండ ప్రాంతం గురించి రాశారు. ఎదిగే పిల్లల కాళ్లు లోపలికి వంగి, మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. వాళ్ల ఎముకల్లో గుల్లతనం కూడా కనబడింది. ఒకచోట ఎముకను సుద్దలా చేసిన ఫ్లోరైడ్ నీళ్లే మరోచోట గుల్లతనంతో కలిసి కనబడ్డాయన్నమాట. ఈ చరిత్రలో ఆ వ్యాసానికి దక్కాల్సినంత చోటు దక్కలేదని నా అభిప్రాయం.

అసలు లెక్క 1990లో తేలింది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో 202 మంది స్త్రీలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రోజూ 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ నాలుగేళ్లు ఇచ్చారు. నడుము పూసల సాంద్రత 35 శాతం పెరిగింది. పూసలు విరగడం మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. మిగతా ఎముకల్లో, పగుళ్లతో కలిపి, మందు లేని జట్టులో 24 విరిగితే మందు మింగిన జట్టులో 72 విరిగాయి. ఆ 72 దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. మేలు జరుగుతుందని నమ్మి మందు మింగిన ఆడవాళ్ల ఎముకలవి. కొత్తగా పేరుకున్నది ఎక్కువే, దాని అల్లికే సరిగా లేదు.

తర్వాత 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎముక సాంద్రత స్కాన్‌లో మైనస్ 2.5 స్కోరును ఆస్టియోపొరోసిస్‌కు హద్దుగా పెట్టింది. 1995లో, తొలిచే కణాలను నెమ్మదింపజేసే అలెండ్రోనేట్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. అయినా విరిగిన ఎముకల్లో చాలా భాగం ఆ హద్దు దాటనివారివే. తూలిపడటం, కండ సన్నబడటం స్కాన్‌కు కనబడవు.

తిరుపతి పరిశోధకులు 2007లో చూపించినట్టు, ఇంత ఎండలో బతుకుతున్న మనకే విటమిన్ డి చాలడం లేదు, తిండిలో కాల్షియమూ తక్కువే. ముట్లుడిగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని 2020 నాటి మన జాతీయ సిఫార్సు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 360 ఉంటుంది. మిగతాది పాలు, పెరుగు, నువ్వులు, ఆకుకూరల నుంచి రావాలి. నడక, మెట్లు ఎక్కడం లాంటివాటితో బరువు పడితేనే ఎముక నిలుస్తుంది.

ఫ్లోరైడ్ ఊళ్లలో పెరిగిన పెద్దావిడ స్కాన్‌కు వస్తే వెన్ను సాంద్రత నిండుగా కనబడవచ్చు. కాగితం మీద అంకె చూసి పంపేసే ముందు, చిన్నప్పుడు ఏ బావి నీళ్లు తాగారమ్మా అని ఆవిడను అడగాలి.