గేరు వేయని గేర్‌బాక్సు: బైరకూరు చెవి, టెక్సాస్ పికప్

బైరకూరు పక్క గేరు అంటే చేత్తో వేసేదే. టమాటా కాలంలో పదిహేను కిలోల బాక్సులు నింపుకొని వడ్డహళ్ళి మండీకో, కోలారు మండీకో పోయే పికప్ బండ్లన్నీ కాలితో క్లచ్ తొక్కి నడిపేవే. క్లచ్ ప్లేటు అరిగిందా, గేరు పళ్ళు విరిగినాయా అన్నది ఇక్కడి డ్రైవరు చెవితోనే చెప్పేస్తాడు. మన ఇండ్లలోంచి అమెరికా పోయిన పిల్లలేమో అక్కడ పాత ఆటోమేటిక్ పికప్పులు ముచ్చటపడి కొంటారు. రెండో గేరు ఆలస్యంగా పడుతోందని ఫోను చేస్తే ముళబాగిలు మెకానిక్కు ఏం చెప్తాడు పాపం? ఆయన చేతికి అలాంటి బాక్సు ఎప్పుడూ రాలేదు. మన దేశంలో మామూలు కార్లకే ఆటో గేరు ఊరూరా తెలిసింది 2014లో మారుతి సెలేరియో వచ్చినాక. అది కూడా మామూలు గేర్‌బాక్సుకే క్లచ్, గేరు యంత్రం వేసేలా చేసిన ఏర్పాటు. అమెరికా పాత బాక్సు జాతే వేరు.

అయినా మన జిల్లాకు ఆ విద్య కొత్తదేం కాదు. కేజీఎఫ్ అంటే అందరూ బంగారు గనుల మాటే ఎత్తుతారు. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినాయి. వాటి పక్కనే ఇప్పటికీ నడుస్తా ఉండేది బెమెల్. 1964లో మొదలైన సర్కారు కంపెనీ. అక్కడ బుల్డోజర్లు తయారవుతాయి, వాటికి కావలసిన ట్రాన్స్‌మిషన్లకూ హైడ్రాలిక్ సామాన్లకూ విడిగా ఒక విభాగమే ఉంది. పెద్ద బుల్డోజరులో ఇంజనుకూ గేర్లకూ మధ్య ఉండేది టార్క్ కన్వర్టరు, లోపలి క్లచ్‌లను పట్టేది ఆయిలు ఒత్తిడి. పికప్‌లో ఉండేదీ అదే సూత్రం, సైజు చిన్నది అంతే. మా చిన్నాయన అక్కడే పనిచేసి రిటైరైనాడు. ఆయన మాట తర్వాత వస్తుంది.

ఈ యంత్రం పుట్టింది రోడ్డు మీద కాదు, ఓడలో. జర్మనీ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంటు తీసుకున్నాడు. ఓడ టర్బైను మహా వేగంగా తిరుగుతుంది, నీళ్ళలో పంకా మెల్లగా తిరగాలి. ఆ రెంటినీ పళ్ళ చక్రాలతో కాకుండా ద్రవంతో కలిపినాడు. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికి కరెంటు ఇస్తే, దాని గాలికి రెండోది తిరుగుతుంది చూడండి, అదే సంగతి. గాలి బదులు ఆయిలు. కార్లలోకి దాన్ని పెద్ద ఎత్తున తెచ్చింది జనరల్ మోటార్స్. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో హైడ్రామాటిక్ వచ్చింది. వెంటనే యుద్ధం. ఎం5 స్టువర్ట్ ట్యాంకులో రెండు క్యాడిలాక్ ఇంజన్లకు రెండు హైడ్రామాటిక్‌లు బిగించినారు. 1953 ఆగస్టు 12న లివోనియాలోని హైడ్రామాటిక్ ఫ్యాక్టరీ కాలిపోతే, క్యాడిలాక్ కార్లు కొన్నాళ్ళు బ్యూయిక్ వాళ్ళ డైనాఫ్లో పెట్టుకొని నడవాల్సి వచ్చింది. ఆ ఏడే ఫోర్డ్ ఎఫ్-100 పికప్‌కూ కోరుకుంటే ఆటో గేరు ఇచ్చినారు. రైతు బండిలోకి అది అప్పుడు దిగింది.

లోపల జరిగేది మన చెరువు కింద వ్యవహారం లాంటిదే. తూము ఎత్తితే ఏ కాలువకు నీళ్ళు పోవాలో ఆ కాలువకే పోతాయి కదా. ఇక్కడ వాల్వులు తూములు, ఆయిలు నీళ్ళు. ఏ క్లచ్‌కు ఆయిలు ఒత్తిడి చేరితే ఆ గేరు పడుతుంది. కాబట్టి ఈ బాక్సు చరిత్రంతా, నన్నడిగితే, ఆయిలు చరిత్రే. అందులో మనవాళ్ళెవరూ ఊహించని సంగతి ఒకటుంది. ఒకప్పుడు ఆ ఎర్ర ఆయిలులో తిమింగలం నూనె కలిపేవారు. క్లచ్ ప్లేట్లు జర్రున జారకుండా, గుంజినట్టు పట్టకుండా మెత్తగా అతుక్కోవడానికి స్పెర్మ్ తిమింగలం నూనెకు మించింది దొరకలేదట. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోయే జీవాల జాబితాలో చేర్చేసరికి దారి మూసుకుపోయింది. రసాయనాలతో బదులు వెతుక్కొని డెక్స్రాన్-2 లాంటివి తెచ్చినారు. పాత బండికి ఏ ఆయిలు పోయాలన్న గొడవ ఇప్పటికీ తెగకపోవడానికి ఇదొక కారణం.

ఇప్పుడు అసలు సంగతి. టెక్సాస్‌లో మా అన్న మనవడి దగ్గర డెబ్బైల నాటి పికప్ ఉంది. గేరు ఆలస్యంగా, దబ్బున కుదుపుతో పడుతోంది. వారానికోసారి ఆయిలు తగ్గుతోంది. అక్కడొక షాపువాళ్ళు బాక్సు మొత్తం మార్చాలన్నారు. ఖర్చు బండి కొన్న ధరను మించింది. వీడు బండిని తుక్కుకు వేసేద్దామన్న ఆలోచనలో పడి, చివరికి మా చిన్నాయనకు ఫోను చేసినాడు.

"కింద నేలమీద చుక్కేమన్నా పడతా ఉండాదా నాయనా?"

"లేదు తాతా, పొడిగా ఉంది."

"మరి ఆయిలు యాడికి పోతా ఉండాది? సైలెన్సరులో తెల్ల పొగ చూసినావా?"

చూశాడు, కానీ అది ఇంజను జబ్బు అనుకున్నాడు. చిన్నాయన పికప్ బాక్సు విప్పినవాడు కాదు. ఆయిలు నేలమీద పడకుండా తగ్గితే ఇంజనే తాగుతూ ఉండాలన్నది ఆయన లెక్క. అరవైల, డెబ్బైల టర్బో హైడ్రామాటిక్ 350, 400, ఫోర్డ్ సీ6 బాక్సులకు బయటివైపు వ్యాక్యూం మాడ్యులేటరు అని చిన్న డబ్బా ఉంటుంది. ఇంజను పీల్చే గాలి బలాన్ని బట్టి బండిమీద ఎంత బరువు పడుతోందో అది బాక్సుకు చెప్తుంది. లోపలి డయాఫ్రం చినిగితే రెండు పనులు ఒకేసారి చెడతాయి. ఆ రబ్బరు గొట్టం గుండా ఇంజను గేరు ఆయిలును పీల్చి కాల్చేస్తుంది. బాక్సేమో బండి ఎప్పుడూ ఘాట్ ఎక్కుతోందనుకొని గేరు ఆలస్యంగా, మొరటుగా వేస్తుంది. గొట్టం ఊడదీసి చూస్తే లోపల ఎర్రగా తడి. బాక్సు దించకుండానే ఆ డబ్బా మార్చేశాడు, అదీ చవగ్గా.

అన్ని జబ్బులూ ఇంత తేలిగ్గా పోవు. మీలో ఎవరి దగ్గరైనా ఇలాంటి బండి ఉంటే, ఎవరి మాటా వినకముందు మీరే డిప్‌స్టిక్కు తీయండి. చాలా బండ్లలో ఇంజను వేడెక్కి, నడుస్తూ ఉండగా, పార్కులో పెట్టి చూడాలి. ఎర్రగా ఉంటే సరే. నల్లబడి మాడిన వాసన వస్తే క్లచ్‌లు కాలుతున్నాయి. స్ట్రాబెర్రీ పాల రంగు వస్తే రేడియేటరులోని కూలరు చిల్లుపడి నీళ్ళు కలిసినాయి, బండి ఇక కదపొద్దు. అడుగు పళ్ళెం విప్పినప్పుడు బూడిదరంగు సన్నని మడ్డి ఉంటే భయం లేదు. లోహపు ముక్కలుంటే బాక్సు దించక తప్పదు. 1982 నుంచి వచ్చిన 700ఆర్4 బాక్సుకు వ్యాక్యూం డబ్బా ఉండదు, యాక్సిలరేటరుతో కలిసి లాగే కేబుల్ ఉంటుంది. అది వదులైతే లోపల ఒత్తిడి చాలక మూడు-నాలుగు గేర్ల క్లచ్ మాడిపోతుంది. దాని సర్దుబాటు చూడకుండా కొత్త బాక్సు బిగిస్తే అదీ అట్లే కాలుతుంది.

చిన్నాయన మాత్రం వాణ్ణి ఇంకా వదల్లేదు. పోయినవారం ఫోనులో మళ్ళీ అడిగినాడు, "ఆయిలు ఒత్తిడి గేజీ పెట్టి చూసినావా, లేదా? రివర్సులో ఎంత చూపిస్తా ఉండాది?"