ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆర్ట్స్ కళాశాల భవనము

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆర్ట్స్ కళాశాల భవనము హైదరాబాదు నగరములో మెట్టుగూడ - తార్నాక రహదారికి దక్షిణమున, విశ్వవిద్యాలయ ప్రాంగణము నడుమ ఉన్నది. గులాబి వన్నె గ్రానైటు రాతితో నిర్మించిన ఈ భవనానికి 1934 జూలై 5న శంకుస్థాపన జరిగినది. 1939 డిసెంబరు 4న ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దీనిని ప్రారంభించారు.

నేపథ్యము

విశ్వవిద్యాలయ స్థాపనకు 1917లో ఫర్మానా వెలువడినది. 1919లో బోధన మొదలైనది. ఒక భారతీయ భాష (ఉర్దూ) బోధనాభాషగా ఏర్పడిన తొలి విశ్వవిద్యాలయముగా దీనిని పేర్కొంటారు. పాఠ్యపుస్తకాల కొరకు ప్రత్యేకముగా ఒక అనువాద శాఖనే నెలకొల్పవలసి వచ్చినది. అయితే సొంత గూడు లేదు. చాలాకాలము నగరములోని అద్దె భవనాలలోనే తరగతులు సాగినవి. శాశ్వత ప్రాంగణానికి అడిక్‌మెట్ అనువైన స్థలమని నగర ప్రణాళికావేత్త పాట్రిక్ గెడ్డెస్ సూచించారు.

ఈ అడిక్‌మెట్ భూములు ఒకప్పుడు ఉర్దూ కవయిత్రి మహ్ లఖా బాయి చందా (1768-1824) జాగీరు. ఆమె పేరిట పిలువబడే మెట్లబావి నేటికీ ఈ పరిసరాలలో కలదు. విద్యాలయ చరిత్ర వ్రాసేటపుడు ఆమెను తరచుగా మరచిపోవుట విచారకరము.

రూపకల్పన

నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అను ఇద్దరు వాస్తుశిల్పులను ప్రభుత్వము విదేశాలలోని విశ్వవిద్యాలయాలను చూచి రమ్మని పంపినది. ఆ పర్యటనలో ఈజిప్టులో వారికి బెల్జియము వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ పరిచయమయ్యారు. కైరో సమీపాన నిర్మించిన హెలియోపొలిస్ పట్టణములోని ప్రసిద్ధ హోటలు ఆయన రూపొందించినదే. హైదరాబాదు ఆహ్వానముపై వచ్చిన జాస్పర్, నమూనా గీయుటకు ముందు అజంతా, ఎల్లోరాలతో పాటు దేశములోని పలు చారిత్రక కట్టడాలను పరిశీలించారు.

నిర్మాణ శైలి

దీనిని కేవలము "ఇండో-సారసెనిక్" అని వ్రాయుట పరిపాటి. అది అసంపూర్ణము. ఆ పేరుతో పిలిచే బ్రిటిషు కాలపు కట్టడాలలో దేశీయ అలంకారము చాలావరకు పైపూతగా కనబడుతుంది. ఇక్కడ రెండు వేర్వేరు నిర్మాణ పద్ధతులనే ఒకదానిపై ఒకటి నిలిపినారు. క్రింది అంతస్తులో గుహాలయాలను తలపించే బలమైన స్తంభాలు, వాటిపై అడ్డముగా దూలాలు. బరువంతా నిలువుగా స్తంభాలపైనే పడుతుంది. పై అంతస్తులో ఇస్లామీయ పద్ధతి కమానులు. వీటిలో రాళ్ళు ఒకదానినొకటి ఒత్తుకొని బరువును ప్రక్కలకు మళ్ళిస్తాయి. ఈ రెంటినీ కలుపుతూ మధ్యలో రెండంతస్తుల ఎత్తున మొనదేలిన కమాను గల మహాద్వారము నిలచినది. పారశీక కట్టడాలలో దీనిని ఈవాన్ అంటారు. ఉదయపు ఎండలోను, వాన తడిలోను రాతి వన్నె మారుట ప్రత్యేకముగా చూడదగినది.

ఉద్యమాలతో సంబంధము

భవనము ఇంకా నిర్మాణములో ఉండగానే, 1938లో, వసతి గృహాలలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులు బహిష్కరణకు గురయ్యారు. వారిలో పలువురికి నాగపూరు విశ్వవిద్యాలయము చోటిచ్చినది. 1948 తరువాత బోధనాభాష ఉర్దూ నుండి ఆంగ్లానికి మారినది. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి ఈ ప్రాంగణము ప్రధాన కేంద్రము. 2009 నవంబరు నుండి సాగిన మలిదశలో కళాశాల మెట్లు, ఎదుటి ఆవరణ సభలకు వేదికలైనవి. తరగతి గదుల కొరకు కట్టిన భవనము ఆ రోజులలో పత్రికల మొదటి పుటలలో నిత్యము కనబడినది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. 2017 ఏప్రిల్ 26న విశ్వవిద్యాలయ శతాబ్ది ఉత్సవాలను అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించారు.

చేరుకొను విధము

2017 నవంబరులో ప్రారంభమైన మెట్రో రైలు మార్గములో మెట్టుగూడ, తార్నాక స్టేషనులు సమీపములోనివి. సికింద్రాబాదు - ఫలక్‌నుమా ఎం.ఎం.టి.ఎస్. మార్గములో జామియా ఉస్మానియా స్టేషనుతో పాటు ఈ కళాశాల పేరనే "ఆర్ట్స్ కాలేజి" అను స్టేషను కలదు.