బొంబాయి రోడ్డు మీద రేడియం మిషన్

జెర దగ్గరికి జరుగు బిడ్డా, పొగ అటు దిక్కు కొడుతున్నది. కోహీర్ దిక్కు చలి ఈసారి మన సంగారెడ్డి దాకా గట్టిగనే వచ్చింది. పొద్దుగాల అడిగినవు కదా, పాత ఇనుప సామాన్లోనికి ఇయ్యాల్సిన మిషన్‌ను ఇంట్ల ఎందుకు పెట్టుకున్నవు తాతా, మల్ల దాన్ని అక్క ల్యాప్‌టాప్‌కు ఎందుకు కట్టిపిచ్చినవు అని. ఆ ముచ్చట చెప్పాలంటే ముందు రోడ్డు ముచ్చట చెప్పాలె. రోడ్డు లేకుంటే మా పనే లేదు.

ఇప్పుడు 65 నంబరు అంటున్నరు గాని అప్పట్ల అది 9వ నంబరు హైవే. మాకైతే బొంబాయి రోడ్డు. రామచంద్రాపురంల బీహెచ్‌ఈఎల్ గేటు దాటితే పటాన్‌చెరు, ఆమీద ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది, ఆఖరుకు మన పోతిరెడ్డిపల్లి చౌరస్తా. పటాన్‌చెరు చేన్లళ్ల 1972ల ఇక్రిశాట్ వచ్చింది, జొన్నలు, కందులు, శెనగల మీద పరిశోధన జేసేటోళ్లు. దాని ఎనుకనే ఫ్యాక్టరీలు మొదలైనయి. పాశమైలారం, బొల్లారం, జిన్నారం, బొంతపల్లి, యాడ జూసినా షెడ్లే లేస్తుండె. 1984ల ఎద్దుమైలారంల మిలిటరీ బండ్ల ఫ్యాక్టరీ వచ్చింది. ప్రతి షెడ్డుకు ఒక బోర్డు గావాలె. ప్రతి గేటు మీద పేరుండాలె. ఆ పేరు రాసేటోళ్లం మేము.

నేను బ్రష్షు పట్టింది మాత్రం ఫ్యాక్టరీ కోసం కాదు, ఓట్ల కోసం. 1980ల ఇందిరమ్మ మన మెదక్‌ల నిలవడ్డది. అప్పటికి నాకు మీసం కూడా సరిగ రాలేదు. సున్నంల జిగురు కలిపి గోడ తెల్లగ జేసుడు, జాజుతోని, నీలిమందుతోని చేయి గుర్తు గీసుడు. ఊరూరు తిరిగినం. రాత్రిపూట కందిలి పట్టుకోని గీసినం. మూడేండ్లకు రామారావు పార్టీ సైకిలు గుర్తు వచ్చింది. చేయి గీసుడు అల్కగనే ఉంటుండె గాని సైకిలు గీసుడు కష్టం. రెండు చక్రాలు సమానంగ రావాలె, లేకుంటే పార్టీవాళ్లు పైసలు ఇయ్యరు. ఆమీద శేషన్ ఎన్నికల కమిషనర్ అయినంక గోడ రాతల మీద కట్టడి వచ్చింది. చానమంది పెయింటర్లు ఆ ఒక్క దెబ్బకు వేరే పని జూసుకున్నరు. మా ఉస్తాద్ మాత్రం నన్ను ఫ్యాక్టరీల దిక్కు పట్టుకోని పోయిండు.

ఉస్తాద్ దగ్గర పని నేర్చుకునేటోనికి ఒక పరీక్ష ఉంటుండె. "స్త్రీలు" అని రాయమనేటోడు. ఫ్యాక్టరీలల్ల ఆడోళ్ల బాత్రూము మీద ఆ మాట తప్పది కదా. స కింద త, దాని పక్కన ర, మీద గుడి దీర్ఘం. చేయి తిరగనోడు రాస్తే కింది ఒత్తు గోడ కింద పడేటట్టు జారిపోతది, లేకుంటే మీది అక్షరం సన్నగయ్యి ఒత్తు లావైతది. ఒత్తుకు జాగ ముందే లెక్కగట్టి, దారానికి సుద్ద పూసి, రెండు కొసలు పట్టుకోని టప్పున కొట్టి గీత దీసుకోవాలె. తలకట్టు గీత ఒకటి, అక్షరం అడుగు గీత ఒకటి, ఒత్తుకు మూడో గీత. ఇంగ్లిష్ బోర్డుకు రెండు గీతలు సాలు, తెలుగుకు మూడు గావాలె. ఈ మూడో గీత ముచ్చట యాదికి పెట్టుకో. మిషన్ దగ్గర మల్ల చెప్త.

భోపాల్‌ల 1984 డిసెంబర్‌ల గ్యాసు లీకై వేలమంది సచ్చిపోయినంక మన దిక్కు కూడా ఫ్యాక్టరీలల్ల బోర్డుల పని పెరిగింది. 1989ల మోటారు బండ్ల రూల్సు వచ్చినయి. యాసిడ్, మందుల కంపెనీల సాల్వెంటు మోసే ట్యాంకర్‌కు లోపల ఏమున్నదో బయట రాయాలె. ప్రపంచమంత ఒక్కటే నంబరు. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కు 1789. సల్ఫ్యూరిక్‌కు 1830. టోలిన్‌కు 1294, మెథనాల్‌కు 1230, అసిటోన్‌కు 1090. మంట అంటుకునేదైతే ఎర్ర డైమండు, మంట బొమ్మ, కింద 3. తోలును, ఇనుమును తినేదైతే మీద తెలుపు కింద నలుపు, 8. సదువు తక్కువైనా ఈ నంబర్లు నాకు నోటికి వస్తయి. రాత్రిపూట రోడ్డు మీద ట్యాంకర్ పల్టీ కొడితే మంటలార్పేటోనికి ఆ బోర్డే దిక్కు. నీళ్లు కొట్టాల్నా, నురగ కొట్టాల్నా, దూరం ఉరకాల్నా, ఆ నంబరు జూసే తెలుసుకుంటడు. అందుకే ఆ అంకె వంకర పోవద్దని నేను అంత పట్టుబడుతుంటి.

ఆ బోర్డులు రాత్రిపూట మెరవాలంటే పెయింటు పనికిరాదు, రేడియం అని మేము పిలిచే మెరిసే స్టిక్కరు గావాలె. మొదట్ల చేత్తోనే కోస్తుంటిమి. రేడియం షీటు ఎనుక కాయిదం మీద అక్షరం ఉల్టా గీసి, బ్లేడు ముక్కతోని కోసుడు. వేళ్లకు ఎప్పుడు జూసినా పట్టీలే. ఒక్క 8 అంకె కోసుడు ఒక చాయ తాగేంత సేపు పట్టేది. గుండ్రం తెలుగు అక్షరమైతే ఇంక చెప్పొద్దు.

గప్పుడు వచ్చింది మిషన్. అమెరికాల జోసెఫ్ గెర్బర్ అని ఒకాయన, వియన్నల పుట్టి, హిట్లర్ కాలంల క్యాంపులల్ల కష్టం పడి, 1940ల పాణం దక్కించుకోని ఆ దేశం పోయినోడు. ఆయన కంపెనీ 1983ల సైన్‌మేకర్ 3 అని కంప్యూటర్‌తోని స్టిక్కర్ కోసే మిషన్ తెచ్చింది. మేము ఇక్కడ గోడల మీద సైకిళ్లు గీస్తున్న ఏడాదే అది. అది మన దగ్గరికి రావాలంటే చాన ఏండ్లు పట్టింది. ముందు జపాన్ మిషన్లు పట్నంల పెద్ద దుకాణాలకు వచ్చినయి, 2000 దాటినంక చైనావి అగ్గువకు దొరికినయి. అప్పుడు కొన్న నేను. ఇంట్ల పెద్దోళ్లందరు వద్దన్నరు. మీ నాయనమ్మ ఒక్కతే కొనుమన్నది.

మిషన్ అంటే ఏముంది, ఒక పొడుగాటి ఇనుప రోలరు, దానికి గరుకు గరుకు పండ్లు. మీదికెల్లి రబ్బరు చక్రాలు షీటును అదిమి పడ్తయి. రోలరు షీటును ముందుకు ఎనుకకు తిప్పుతది, కత్తి బండి ఎడమకు కుడికి ఉరుకుతది. రెండు కలిసినయంటే గుండ్రం వస్తది. కత్తి స్టిక్కర్‌ను కొయ్యాలె, కింది కాయిదాన్ని ముట్టొద్దు. మందమంత కలిపి చూస్తే వెంట్రుక పాటి కథ. నేను కత్తి మొన బయటికి ఎంత రావాల్నో వేలి గోటితోని జూసి చెప్త, ఇప్పటికి గూడ.

దానికి ఒచ్చే భాష చాన చిన్నది బిడ్డా. హెచ్‌పీ కంపెనీ పెన్నుతోని బొమ్మలు గీసే మిషన్ల కోసం ఎప్పుడో చేసిన భాష, హెచ్‌పీజీఎల్ అంటరు. పెన్ను తీసి కత్తి పెట్టిన్రు, భాష అదే ఉన్నది. "పీయూ" అంటే లేపు. "పీడీ" అంటే దించు. పక్కన రెండు అంకెలు, ఎక్కడికి పోవాల్నో. మిల్లీమీటరుకు 40 మెట్లు. పీడీ 400, 0 అన్నవనుకో, దించిన కత్తి ఆ జాగకు గీసుకుంట పోతది. ఉన్న జాగ సున్న అయితే సరిగ్గా సెంటీమీటరు కోస్తది. మీ అక్క నోట్‌ప్యాడ్‌ల ఒక ఫైలు తెర్సి చూపిచ్చింది, "జాగ్రత్త" అన్న మాట అంత అంకెలే. నా చేయి ఇన్నేండ్లు తిరిగిన తొవ్వ అక్కడ అంకెలల్ల ఉన్నది. చూసి నాకు మస్తు సంబురమైంది.

మంచి కాలం కొన్నేండ్లు నడిచింది. ట్యాంకర్లకు నంబర్లు, ఆటోల అద్దాల మీద దేవుళ్ల పేర్లు, ఫ్యాక్టరీలల్ల పైపుల మీద బాణం గుర్తులు. పైపులకు గూడ రంగుల లెక్కున్నది తెల్సా? నీళ్ల పైపుకు సముద్రపు ఆకుపచ్చ, గ్యాసుకు పసుపు, యాసిడ్‌కు ముదురు ఊదా. ఆమీద ఫ్లెక్సీ వచ్చింది. పుట్టినరోజుకు ఫ్లెక్సీ, సచ్చిపోతే ఫ్లెక్సీ. బోర్డు రాసేటోడు, కోసేటోడు ఇద్దరు ఒక్కసారే ఖాళీ అయిన్రు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు కంపెనీ నంబరు ప్లేట్లే రావాలన్నరు, ఆ గిరాకీ పోయింది. అదే కాలంల మా పాత కంప్యూటర్ కూలవడ్డది. మిషన్‌తోని వచ్చిన సాఫ్ట్‌వేర్ పాత విండోస్ మీదనే నడుస్తది, సీడీ లోపల ఉంటేనే తెరుసుకుంటది. ఆ సీడీ గీతలు వడి పనికిరాకుండ పోయింది. అందరు మిషన్ సచ్చిపోయింది అన్నరు. నేను ఒప్పుకోలే. మోటర్లు మంచిగున్నయి, రోలరు పండ్లు అరగలే, కత్తి కొత్తది ఏసుకోవచ్చు. దానికి చెప్పేటోడు లేకపాయె గాని అది వినకుండ ఎప్పుడున్నది?

మీ అక్క పాలిటెక్నిక్ సెలవులకు వచ్చినప్పుడు ఇద్దరం కూసున్నం. ముందు అడ్డం వడ్డది వైరు. మిషన్‌కు తొమ్మిది సూదుల సీరియల్ పోర్టు, ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ తప్ప ఏంలేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌ల మారుసుకునే వైరు దొరుకుతది. అందుల చిప్పు మంచిదుండాలె. అగ్గువ వైర్లల్ల పాత నకలు చిప్పులుంటయి, కొత్త విండోస్ వాటిని ఒప్పుకోదు, పసుపు గుర్తు పెట్టి ఊకుంటది. ఎఫ్‌టీడీఐ చిప్పుది తెచ్చినం, పట్టుకున్నది. ఆమీద పోర్టు నంబరు. కంప్యూటర్ దానికి పెద్ద నంబరు ఇచ్చింది. పాత ప్రోగ్రాములు కొన్ని కామ్ 4 దాటితే చూడనే చూడవట. డివైస్ మేనేజర్‌ల పోయి అక్క దాన్ని 2కు తెచ్చింది. వేగం 9600, 8 బిట్లు, ప్యారిటీ లేదు, స్టాప్ బిట్ 1. ఇవి మిషన్‌ల ఎట్లున్నయో కంప్యూటర్‌ల అట్లనే ఉండాలె.

కోతకు పెట్టినం. సగం దాక మంచిగ కోసి, అక్కడికెల్లి పిచ్చి గీతలు. మీ అక్క మిషన్ కరాబైంది అన్నది. కాదు బిడ్డా అన్న. దాని పొట్ట చిన్నది, ల్యాప్‌టాప్ తొందర తొందర అంత ఒక్కసారే పోస్తున్నది, సగం అంకెలు కింద వడిపోతున్నయి. కడుపు నిండితే ఆగుమని మిషన్ చెప్పాలె, కంప్యూటర్ ఇని ఆగాలె. దాన్ని ఫ్లో కంట్రోల్ అంటరని అక్కనే ఎతికి పట్టింది. వైరుల ఆ మాట మోసే సూదులు గూడ కలవాలె, ఒట్టి మూడు తీగల వైరైతే నడవది. హార్డ్‌వేర్ అని పెట్టి మల్ల పంపితే ఆఖరు గీత దాక ఆగి ఆగి కోసింది.

సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్. 2003ల మొదలైంది, పైసలు అడగది, సీడీ అడగది. ఎవరెవరో ఏయే దేశాలల్లనో కూసోని చేసి అందరికి ఇచ్చిన్రు. ఆ పని చేసినోళ్లకు నేను దండం పెడ్త. ఎక్స్‌టెన్షన్స్‌ల ఎక్స్‌పోర్ట్, అందుల ప్లాట్. భాష హెచ్‌పీజీఎల్ అని, ఇంచుకు 1016 అని పెట్టాలె. ముందు 10 సెంటీమీటర్ల చదరం కోసి స్కేలుతోని కొలిచినం. కొలత సరిపోయినంకనే అక్షరాలకు పోయినం. కత్తి మొన నడిమిట్ల ఉండది, పావు మిల్లీమీటరు పక్కకుంటది. ఆఫీసు కుర్చీ కింది చక్రం ఎట్ల ఎనుక ఎనుక తిరుగుతదో అట్ల తిరుగుతది. ఆ పావు మిల్లీమీటరు సాఫ్ట్‌వేర్‌కు చెప్పకుంటే మూలలన్ని గుండ్రమైతయి, సున్నలు మూసుకోవు.

ఇగ అసలు తిప్పలు తెలుగుది. పాత ఫైళ్లు అనూ ఫాంట్లల్ల ఉన్నయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌ల తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లిష్ చిందరవందర కనవడ్డది. కోరల్‌డ్రాల కర్వ్స్ చేసి, అంటే అక్షరాలను గీతల బొమ్మ చేసి, పెట్టినయి మాత్రం మంచిగున్నయి. మిగిలినయి యూనికోడ్‌ల కొత్తగ కొట్టింది అక్క, సురవరం ఫాంటుల. సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద ఫాంటున్నదని నాకు అప్పుడే తెలిసింది.

"జాగ్రత్త" కోసి, అక్కరలేని ముక్కలు పీకుతుంటే అక్షరం ముక్కలైంది. ఎందుకంటే కంటికి ఒక్కటే కనవడ్డా లోపల గ వేరే, దాని చుట్టు తిరిగే ర వేరే, త కింది త ఒత్తు వేరే. ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటయి. పేపర్ మీద నల్లగ అచ్చు పడితే తెల్వది. కత్తి మాత్రం రెండింటి అంచులు గూడ కోస్తది, అతుకు జాగల గోటి ముక్కంత చిన్న చీలిక లేస్తది. అందుకే అన్నిటిని పాత్ చేసి యూనియన్ చెయ్యాలె, ఒక్కటే అంచు మిగలాలె. అయినంక ఒత్తుకు మీది అక్షరానికి నడుమ సందు జూడాలె. ఫాంటు ఇచ్చిన సందు కంప్యూటర్‌ల మంచిగనే ఉంటది, స్టిక్కర్‌ల సన్నపు పట్టీ అయ్యి పీకేటప్పుడు ఒత్తును గుంజుకోని వస్తది. నేను ఒత్తులను జెర కిందికి దింపిపిచ్చిన. మా ఉస్తాద్ మూడో గీత ఉన్నది సూడు, అది ఇక్కడ అక్కరకొచ్చింది. అక్కకు స్క్రీన్ మీద మూడు గైడు గీతలు పెట్టిపిచ్చిన, ఇప్పుడు నేను చెప్పకున్నా పెట్టుకుంటున్నది. థ నడుమ చుక్కను సూదితోని ఒత్తి పట్టుకోని చుట్టుది పీకాలె, ఆ చుక్క పోయిందంటే అది ధ అయి కూసుంటది.

రేపు ఒకాయన ట్యాంకర్ తెస్తనన్నడు, యాసిడ్ బండి, మూడు దిక్కుల 1789 గావాలె. రేడియం షీటు మందం ఉంటది, మామూలు 45 డిగ్రీల కత్తి ఒద్దు, 60ది పెట్టాలె. వేగం తగ్గియ్యాలె, ఒత్తుడు పెంచాలె. ముందు మూలకు చిన్న చదరం కోసి చూడాలె. అక్క కంప్యూటర్ దగ్గర కూసుంటది, షీటు నేను పెడ్త. నువ్వు లేస్తే పీకుడు నీదే.