రైలుమార్గం పక్కన తరగతి గది

శబ్దం వలన కలిగే హాని అనగానే వైద్యులకు మొదట స్ఫురించేది చెవి. ఇందుకు చారిత్రక కారణం లేకపోలేదు. 1886లో గ్లాస్గో నగరంలో థామస్ బార్ అనే వైద్యుడు బాయిలర్ల తయారీ కార్మికులను పరీక్షించి, వారి వినికిడి ఎంతగా క్షీణించిందో లోకానికి వెల్లడించాడు. ఆ తరువాత చాలాకాలం వైద్యశాస్త్రం చెవినే ప్రధానంగా పట్టించుకుంది. వృత్తిలో ఉన్న రోజులలో నేనూ అంతే. చదువులో వెనుకబడుతున్నాడని తల్లిదండ్రులు తీసుకువచ్చిన పిల్లవాడికి వినికిడి పరీక్ష సవ్యంగా వస్తే, లోపం లేదని చెప్పి పంపివేసేవాడిని. బడిలో ఏ కిటికీ పక్కన కూర్చుంటున్నాడో అడగాలని నాకు తోచలేదు.

ఆ ప్రశ్న 1970వ దశకంలో న్యూయార్కులో తలెత్తింది. మన్‌హట్టన్‌లో వాహనాల రద్దీ ఎడతెగని రహదారికి సరిగ్గా పైన కట్టిన 32 అంతస్తుల నివాస భవనాలున్నాయి. షెల్డన్ కోహెన్, డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అక్కడి పిల్లలను పరిశీలించి 1973లో ఫలితాలు ప్రకటించారు. రొద ఎక్కువగా వినిపించే కింది అంతస్తులలో ఏళ్ల తరబడి పెరిగిన పిల్లలు, దగ్గరగా ధ్వనించే పదాల మధ్య భేదం గుర్తించడంలోనూ, చదవడంలోనూ వెనుకబడ్డారు. చెవి పనిచేస్తూనే ఉంది. రొదను పట్టించుకోకుండా ఉండటం నేర్చిన మనసు, దానితోపాటు మాటనూ వదిలివేస్తున్నదని వారి వివరణ.

అదే మన్‌హట్టన్ ఉత్తరపు కొసన 98వ నంబరు ప్రభుత్వ పాఠశాల ఉంది. దానికి సుమారు 220 అడుగుల దూరంలో, స్తంభాలపై నిర్మించిన మార్గం మీద, బడివేళల్లో నాలుగైదు నిమిషాలకొక రైలు వెళ్లేది. ఆ సమయంలో అటువైపు గదులలో శబ్దం 89 డెసిబెళ్లకు చేరేది. ఉపాధ్యాయురాలు వాక్యం మధ్యలో ఆగి, రైలు పోయాక మళ్లీ అందుకోవాలి. తెగిన ఆలోచనను అతికించుకోవడం పిల్లల వంతు.

ఆర్లీన్ బ్రాంజాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తకు ఈ సంగతి తన విద్యార్థిని ద్వారా తెలిసింది. ఆమె బిడ్డ ఆ బడిలోనే చదువుతోంది. తల్లిదండ్రులు దావా వేయాలనుకుంటున్నారు. రొద బాధిస్తోందంటే చాలదు, హాని జరిగిందని రుజువు కావాలి. రుజువు ఆ భవనంలోనే దొరికింది. ఒకే బడి, ఒకే పరిసరాల పిల్లలు. సగం గదులు రైలు వైపు, సగం అవతలి వైపు. ఇంత చక్కని పోలిక పరిశోధకులకు అరుదుగా లభిస్తుంది. డెనిస్ మెకార్తీతో కలిసి 1975లో ఆమె ప్రచురించిన ఫలితం ఇది: ఆరవ తరగతికి, అంటే కౌమారపు గడప తొక్కే వేళకు, రైలు వైపు పిల్లలు చదవడంలో దాదాపు ఒక ఏడాది వెనుకబడి ఉన్నారు.

తరువాత జరిగినది నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. రవాణా సంస్థ పట్టాల కింద రబ్బరు దిండ్లు అమర్చింది. విద్యాశాఖ ఆ గదులకు శబ్దాన్ని పీల్చుకునే పైకప్పు వేయించింది. 1981లో బ్రాంజాఫ్ట్ మళ్లీ పరిశీలిస్తే రెండు వైపుల పిల్లల మధ్య తేడా కనిపించలేదు. పిల్లలకు ఏ మందూ ఇవ్వలేదు.

పెద్ద పిల్లలు రొదకు అలవాటుపడతారని మనవారు ధీమాగా అంటారు. 2019లో ప్రచురితమైన ఇంగ్లండు పరిశోధన 11 నుంచి 16 ఏళ్లవారికి తరగతి గది రొద వినిపిస్తూ పాఠం చదివించింది. 50 డెసిబెళ్ల వద్ద కన్న 70 వద్ద వారి గ్రహణశక్తి తగ్గింది.

మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు విద్యాసంస్థల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలాన్ని, అక్కడ పగటివేళకు 50 డెసిబెళ్ల పరిమితిని నిర్దేశించాయి. న్యూయార్కు రైలుమార్గం ఇక్కడ ఉంటే ఆ మండలంలోపలే పడేది. అయితే నున్నటి గోడలు, కాంక్రీటు కప్పు, గిరగిర తిరిగే పాత ఫ్యాన్లు, తడికె అవతలి తరగతి కేకలు పుట్టించే రొద బడి లోపలిది. దానిని కొలిచేందుకు ఆ నియమాలను ఎవరూ తెరిచి చూడరు.